ఒర్టీలియస్ మ్యాపు కొనాలనుంది, అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: నమస్కారమండీ. ఉద్యోగరీత్యా నెదర్లాండ్స్‌లో ఉంటున్నాను. ఇక్కడి పాత పుస్తకాల షాపులో, పదహారో శతాబ్దంలో మ్యాపులు తయారుచేసిన ఒర్టీలియస్ అట్లాసులోని ఫ్రీస్లాండ్ (ఇక్కడి ఒక ప్రాంతం) మ్యాపు చూశాను. రంగులు నిన్ననే వేసినట్టున్నాయి. షాపాయన 1570 నాటిదంటున్నాడు. మధ్యలో నిలువునా మడత, వెనకవైపు లాటిన్‌లో ఏదో వ్యాసం. ఆ రెండూ చూసే వెనకాడుతున్నాను. కొనొచ్చంటారా?

జవాబు 1: మడతా, వెనక వ్యాసమూ మంచి గుర్తులేనండీ. మడిచి అట్లాసులో కుట్టిన కాగితం అది. అనుమానించాల్సింది రంగుల్ని, 1570 అన్న మాటని.

ఒర్టీలియస్ అట్లాసు ఆంట్‌వెర్ప్‌లో 1570లో వచ్చింది, 53 మ్యాపులతో. తర్వాత 1612 దాకా కొత్త కూర్పులు (ఎడిషన్లు) వస్తూనే ఉన్నాయి. మ్యాపు చెక్కిన ఒకే రాగి పలకతో ఏళ్ల తరబడి అచ్చు వేశారు. అంటే ముందువైపు చూసి ఏ సంవత్సరమో చెప్పలేం. వెనక వ్యాసాన్ని మాత్రం ఒక్కో కూర్పుకీ కొత్తగా కూర్చేవారు. లాటిన్, డచ్, జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్, ఇంగ్లిష్, ఇటాలియన్ భాషల్లో వచ్చింది. ఆ భాష, కింది పేజీ నంబరు, వరుసలు ఎక్కడ విరిగాయన్నది కలిపి చూస్తే కూర్పు తేలుతుంది. వెనకవైపు ఫోటో పెట్టండి.

ఇంకో పని. మ్యాపు చుట్టూ అంచు వెంబడి వేలితో తడమండి. రాగి పలక ప్రెస్సులో నొక్కుకున్న చోట చిన్న పల్లం తగలాలి. వెలుతురుకి ఎత్తిపట్టుకుంటే సన్నగీతలు దగ్గరదగ్గరగా, వాటికి అడ్డంగా సుమారు అంగుళం ఎడంలో మరికొన్ని కనిపించాలి. భూతద్దంలో చుక్కలు చుక్కలుగా కనిపిస్తే ఈ కాలపు ప్రింటే, వదిలేయండి.

అడిగినవారు: పల్లం తగిలింది, గీతలూ ఉన్నాయి. మరి రంగుల సంగతి?

జవాబు 2: అప్పట్లో చాలా మ్యాపులు రంగు లేకుండానే అమ్మేవారు. తర్వాత ఎవరో వేయించి ఉండొచ్చు. పాత ఆకుపచ్చ రాగి చిలుముతో చేసింది, కాగితాన్ని తినేస్తుంది. కాబట్టి వెనక ఆ చోట్ల గోధుమరంగు తేలుతుంది. తేలకపోతే కొత్త రంగేనని ఒట్టేసి చెప్పలేం గానీ, పాత రంగు ధర మాత్రం ఇవ్వకండి. నన్నడిగితే పాడుచేసిన రంగు కంటే నలుపు తెలుపే నయం.

బిల్లు మీద ఏ కూర్పో, రంగు ఎప్పటిదో రాయించుకోండి. ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో కూడా అడగండి. 2005లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ లైబ్రరీలో, మ్యాపులు కోసే బ్లేడు నేల మీద దొరికి ఒక మ్యాపుల డీలర్ పట్టుబడ్డాడు. వేర్వేరు లైబ్రరీల నుంచి 97 మ్యాపులు దొంగిలించానని ఒప్పుకున్నాడు. మూలన లైబ్రరీ ముద్ర గీకేసిన ఆనవాలుంటే బేరమే వద్దు.

అడిగినవారు: వెనక గోధుమరంగు లేదు. ధర తగ్గించమని అడుగుతాను. కొంటే ల్యామినేషన్ చేయించనా?

జవాబు 1: అయ్యో, వద్దండీ! మార్కుల మెమో కాదు కదా. ఆమ్లం లేని అట్ట మీద, గ్లాసు తగలకుండా ఫ్రేము కట్టించి, ఎండ పడని గోడకి తగిలించండి. సెలోటేపు కూడా వద్దు.