బర్మా నుంచి వచ్చిన అమ్మమ్మకి పాత భయాలు తిరగబెడుతున్నాయి, ఏం చేయాలి?

మేం ఉండేది చెన్నై వ్యాసర్పాడిలో. అమ్మమ్మకి ఎనభై దగ్గరపడ్డాయి, మతిమరుపు మొదలైంది. 1962లో అక్కడి సైన్యాధిపతి నే విన్ సైన్యంతో గద్దెనెక్కాక, 1964లో బర్మాలో కొట్లన్నీ ప్రభుత్వం లాగేసుకుంది, 50, 100 క్యాట్ల నోట్లు రద్దు చేసింది, లక్షల మంది మనవాళ్లు కట్టుబట్టలతో ఓడెక్కారు. వాళ్లలో అమ్మమ్మ ఒకరు. ఇన్నేళ్లూ దాని గురించి నోరు విప్పని మనిషి ఇప్పుడు పెన్షన్ డబ్బు దిండులో పెట్టి కుట్టేస్తోంది, యూనిఫాంలో నర్సు వస్తే చాలు గాజులు తీసి ఆమె చేతిలో పెట్టేస్తోంది. నర్సుని మామూలు చీరలో రమ్మన్నాం, కాస్త నయం.

"అదంతా అయిపోయింది అమ్మమ్మా" అంటే ఇంకా కంగారుపడుతోంది. అలాగని ప్రతిదానికీ ఊ కొట్టాలా? మా అమ్మకైతే టెన్షన్‌తో నిద్రే లేదు, నిజానికి ఆవిడకీ సాయం కావాలి.

మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే ఫోన్ హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416లో తెలుగులో మాట్లాడొచ్చు, కానీ మాకు ఇంటికొచ్చి చూసేవాళ్లు కావాలి. అమ్మమ్మకి అరవం బాగానే వచ్చు, భయమేస్తే మాత్రం తెలుగూ బర్మా భాషే. పెరంబూరు వైపు తెలుగు తెలిసిన కౌన్సెలర్ ఎవరైనా ఉన్నారా? మీ ఇంట్లో బర్మా నుంచి వచ్చిన పెద్దవాళ్లుంటే ఎలా నెట్టుకొస్తున్నారు? హోమ్‌లో చేర్చమని మాత్రం చెప్పకండి, ప్లీజ్.