హైదరాబాద్ మియాపూర్‌లో పాత ఫ్లాటు కొని అద్దెకివ్వడం గిట్టుబాటవుతుందా?

ప్రశ్న: 60 లక్షలకు వస్తున్న రెండు పడకగదుల ఫ్లాటుకు నెలకు 20 వేలు అద్దె వస్తుందంటున్నారు. బ్యాంకు రుణంతో కొనవచ్చునా? అనుభవమున్నవారు తెలుపగలరు.

జవాబు 1: ఏడాదికి 2.4 లక్షలు, అంటే 4 శాతం. అందులో ఆస్తిపన్ను, రంగులు, ఇల్లు ఖాళీగా ఉండే నెలలు తీసివేస్తే మిగిలేది, మూడొంతులు అప్పు చేసి కొన్నవారికి వడ్డీకైనా చాలదు. చేతిలో సొమ్ము ఉంటేనే దిగండి.

జవాబు 2: ఈసీతో (ఆస్తిపై తాకట్టులు, లావాదేవీలు తెలిపే ధ్రువపత్రంతో) పాటు, నిర్వహణ బకాయిలు లేవని అపార్ట్‌మెంటు సంఘం నుంచి కాగితం తీసుకోండి. కింది ఫ్లాటు బాత్రూం పైకప్పు చెమ్మగిల్లిందేమో స్వయంగా చూడండి. బ్రోకరు ఎలాగూ చూపించడు.

జవాబు 3: యజమాని కట్టిన ఆస్తిపన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతానికి, మరమ్మతులు చేయించినా చేయించకపోయినా, ఆదాయపు పన్ను మినహాయింపు ఉంటుంది. ఏడాదికి మించిన అద్దె ఒప్పందానికి 1908 నాటి కేంద్ర చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కనుక చాలామంది 11 నెలలకు రాసుకుంటారు; కానీ తెలంగాణలో వర్తించే రాష్ట్ర సవరణ ప్రకారం ఎంత కాలపు ఒప్పందానికైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరే.