1914 ఫ్రాన్స్‌లో ఇండియన్ బెటాలియన్: నష్టాల లెక్క ఎలా చదవాలి?

పాతకాగితం
మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 అక్టోబర్ 28న ఫ్రాన్స్‌లోని నెవ్ షాపెల్ ఊరి మీద దాడికి 47వ సిఖ్స్ (బ్రిటిష్ ఇండియా సైన్యంలోని ఒక బెటాలియన్) నుంచి 289 మంది వెళ్తే చివరికి 68 మందే పోగయ్యారని చదివాను. అంటే 221 మంది పోయినట్టేనా? మరి అదే బెటాలియన్ 1915 చివరిదాకా అక్కడ ఎలా నిలబడింది? దాడుల్లేని రోజుల్లోనూ మనుషులు తగ్గేవారా?

రికార్డురూము
కాదండీ. క్యాజువాలిటీ లెక్కలో చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, ఆచూకీ లేనివాళ్లు అంతా కలిసే ఉంటారు. సాధారణంగా ఒకరు చనిపోతే ఇద్దరు ముగ్గురు గాయపడతారు. ఆచూకీ లేనివాళ్లలో కొందరు ఖైదీలుగా తేలతారు.

చనిపోయినవాళ్లే కావాలంటే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ (యుద్ధంలో చనిపోయినవాళ్ల సమాధులు, స్మారకాలు చూసుకునే సంస్థ) సైట్‌లో రెజిమెంట్, తేదీ పెట్టి వెతకండి. నెవ్ షాపెల్ స్మారకం ఒక్కటే చూస్తే సరిపోదు. గాయాలతో తర్వాత ఫ్రాన్స్‌లోని బూలోన్ లేదా ఇంగ్లండ్‌లోని బ్రైటన్ ఆసుపత్రుల్లో చనిపోయినవాళ్లు అక్కడ ఉండకపోవచ్చు. దాడి తేదీ ఒక్కటే కాకుండా, ఆ తర్వాతి కొన్ని వారాలు కూడా కలిపి వెతకండి. ఇంకో చిక్కు: వేరే రెజిమెంట్ నుంచి వచ్చి చేరినవాళ్లు తరచూ సొంత రెజిమెంట్ పేరు కిందే ఉంటారు.

కందకం
మామూలు రోజుల సంగతి. తెల్లవారకముందే అందరూ రైఫిళ్లతో సిద్ధంగా నిలబడాలి. పగలు తల ఎత్తితే స్నైపర్. అందుకే ఇసుక బస్తాలు, ముళ్లకంచె, తిండి మోయడం అన్నీ రాత్రే, తూటాలు షెల్లుల మధ్యే. అలా ఒకరిద్దరు చొప్పున తగ్గుతూనే ఉంటారు.

చలికాలంలో పాదాలు ఇంకో దెబ్బ. వాళ్లున్న ఫ్లాండర్స్ ప్రాంతంలో కాస్త తవ్వితే నీళ్లే. తడి బూటు, కాళ్లకు బిగుతుగా చుట్టిన పట్టీలు కలిస్తే రక్తం ఆడక పాదం వాచి, మొద్దుబారి, ముదిరితే కుళ్లుతుంది. కొవ్వు రాసి రోజూ పొడి మేజోళ్లు మార్చడమే మందు. కానీ ఆ మొదటి చలికాలంలో మార్చుకోవడానికి మేజోళ్లూ చాలవు, వాళ్లను విశ్రాంతికి వెనక్కి పంపాలంటే వాళ్ల చోట నిలబడే దళాలూ లేవు. 2/8 గూర్ఖాలకైతే (8వ గూర్ఖా రైఫిల్స్ రెండో బెటాలియన్) బ్రిటిష్ సైనికుల ఎత్తుకు తవ్విన కందకాలిచ్చారు; అంచు అందక, కాళ్లకింద ఏదో ఒకటి వేసుకుంటే తప్ప కాల్చలేరు!

పాతకాగితం
మరి ఖాళీలు ఎలా నింపేవారు?

రికార్డురూము
అసలు ఇబ్బంది అక్కడే. బెటాలియన్‌లో ఉండేది 750 మంది. చాలావాటిలో కంపెనీకో కులం, తెగ: సిఖ్కుల కంపెనీకి సిఖ్కులే, పఠాన్ల కంపెనీకి పఠాన్లే రావాలి. రిజర్వులో (సర్వీసు ముగించి, అవసరమైతే పిలిపించే పాత సైనికుల్లో) చాలామంది వయసు మీరినవాళ్లు. దాంతో ఇండియాలోని ఇతర రెజిమెంట్ల నుంచి ముక్కలు ముక్కలుగా తెచ్చారు. బ్రిటిష్ అధికారులు 12, 13 మందే; వాళ్లు పడిపోతే మనవాళ్ల భాష తెలిసినవాళ్లు దొరకడం ఇంకా కష్టం.

వార్ డైరీలో (బెటాలియన్ రోజువారీ రికార్డు) ‘డ్రాఫ్ట్’, అంటే ఖాళీలు నింపడానికి పంపిన కొత్త బృందం, వచ్చిందన్న చోటల్లా ఎంతమంది, ఏ రెజిమెంట్ నుంచి అన్నది రాసుకుంటూ వెళ్లండి. కొన్ని నెలలకే పాతవాళ్లు ఎంతమంది మిగిలారో తెలిసిపోతుంది.