కంతానొ కాదు, కంతనొ: ఇటాలియన్ క్రియల్లో ఊనిక గొడవ

"అన్నా, ఇటాలియన్‌లో కంతారె అంటే పాడటం కదా. మేము పాడతాం కంత్యామొ, మీరు పాడతారు కంతాతె. రెండిట్లోనూ ఊనిక, అంటే గట్టిగా నొక్కి పలికే చోటు, చివరి నుంచి రెండో అక్షరం మీదే. మరి వాళ్ళు పాడతారు అన్నప్పుడు కంతానొ అంటే టీచర్ ఎందుకు ఒప్పుకోవట్లేదు?"

ఎందుకంటే అక్కడ ఊనిక 'కం' మీద ఉంటుంది తమ్ముడూ, కంతనొ అనాలి. లాటిన్‌లో ఈ రూపం కంతంత్, రెండే అక్షరాలు, ఊనిక మొదటిదాని మీద. చివరి త్ రాలిపోయి తర్వాత ఒ వచ్చి తగులుకున్నా ఊనిక ఉన్నచోటే ఉండిపోయింది. మీరు పాడతారు అనేదానికి లాటిన్‌లో కంతాతిస్, అందులో ఊనిక ముందు నుంచీ 'తా' మీదే, కాబట్టి కంతాతె. ధాతువు పొడుగైతే ఇంకా తమాషా: ఆబితొ అంటే నివసిస్తాను, ఆబితనొ అంటే వాళ్ళు నివసిస్తారు, ఊనిక చివరి నుంచి నాలుగో అక్షరానికి పోయింది. తెలేఫొననొ (ఫోన్ చేస్తారు) కూడా అంతే.

"ఊనిక తప్పితే అర్థం మారుతుందా, లేక వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుందా?"

మారుతుంది! కాపితొ అంటే అనుకోకుండా వచ్చి పడతాను, కపీతొ అంటే అర్థమైంది, ఊనిక చివరికి తెస్తే అనుకోకుండా వచ్చి పడ్డాడు. మూడింటికీ ఇటాలియన్ స్పెల్లింగ్ అదే, రాతలో చివరిదానికి మాత్రమే ఒ మీద గీత తప్పనిసరి, మిగతా రెండూ సందర్భాన్ని బట్టి చదువుకోవాల్సిందే, నేర్చుకునేవాళ్ళకి అసలు టెన్షన్ ఇక్కడే.

మనకి ఇంకో చిక్కు ఉంది, గురు లఘువులకు అలవాటైన చెవి కదా, ఊనిక అనగానే దీర్ఘం తీసేస్తాం. కపీతొలో అది చెల్లుతుంది, ఊనిక పడ్డ 'పి' చివరి నుంచి రెండోది, దాని తర్వాత జంట హల్లు లేదు, అందుకే అక్కడ అచ్చు నిజంగానే సాగుతుంది. పదం చివర మాత్రం సాగదు. ఆ ఒ హ్రస్వమే, కాకపోతే గట్టిగా పలకాలి.

"మరి భవిష్యత్తులో అన్నీ చివరికే పోతాయేం? పాడతాను అంటే కంతెరొ, ఊనిక రొ మీద."

అన్నీ కాదు. పాడతాను, పాడతావు, పాడతాడు అనేవాటికే చివర పడుతుంది, పాడతాం అంటే కంతెరేమొ, వాళ్ళు పాడతారు అంటే కంతెరన్నొ, ఊనిక 'రన్' మీద. అది కంతారెకి 'కలిగి ఉండు' అనే క్రియ వర్తమాన రూపాలు అతుక్కుని పుట్టింది: నాకుంది అంటే ఒ, వాళ్ళకుంది అంటే అన్నొ. ఊనిక ఆ అతుక్కున్న క్రియదే. వర్తమానంలో కంతనొ, భవిష్యత్తులో కంతెరన్నొ, పక్కపక్కన పెట్టి నాలుగుసార్లు పైకి అనుకో, టీచర్ గొడవ అదే తేలిపోతుంది.