అప్‌డేట్: ‘మిడిల్‌మార్చ్’ పూర్తిచేశాను

జార్జ్ ఎలియట్ నవల ‘మిడిల్‌మార్చ్’లో నాయిక డొరొతియా కథ నడుస్తుండగా ఉన్నట్టుండి లిడ్‌గేట్ అనే యువ వైద్యుడి కథ ఎందుకు మొదలవుతుందని ఇంతకుముందు అడిగాను. ఆసుపత్రి చాప్లిన్ (రోగులకు ప్రార్థనలు జరిపే మతగురువు) ఎన్నిక జరిగే 18వ అధ్యాయం వరకు ఓపికగా చదవమన్న వారందరికీ నా కృతజ్ఞతలు.

ఆ అధ్యాయం నిజంగానే నవలకు ఆయువుపట్టు. ఓట్లు సరిసమానంగా చీలాక లిడ్‌గేట్ ఆలస్యంగా వస్తాడు. పోటీలో ఉన్న ఇద్దరు మతగురువుల్లో ఆయనకు ఇష్టుడు ఫేర్‌బ్రదర్. కొత్త ఆసుపత్రి పెత్తనమంతా చేతిలో ఉన్న బ్యాంకరు బుల్‌స్ట్రోడ్ కోరుకున్నవాడు టైక్. లిడ్‌గేట్ ఎవరికి వేస్తాడో అందరికీ తెలిసిందేనని తోటి వైద్యుడొకరు అనడంతో, రాయబోతున్న పెన్సిల్ అలాగే ఆగిపోతుంది. ఆ మాటకు అర్థమేమిటని నిలదీసి, పౌరుషంకొద్దీ టైక్ పేరే రాస్తాడు. ఊరి మాటను లెక్కచేయనని చూపబోయి బుల్‌స్ట్రోడ్ మనిషిగా ముద్రపడిన ఆయనను, తరువాత అదే బ్యాంకరు అప్పుగా ఇచ్చిన వెయ్యి పౌండ్లు లంచమన్న అనుమానంలోకి నెట్టడం చదువుతుంటే గుండె బరువెక్కింది.

నా ప్రశ్నకు సమాధానం కూడా ఆ అనుమానం దగ్గరే దొరికింది: ఊరంతా వేలెత్తి చూపుతున్నప్పుడు ఆయనను నమ్మి, ఆ వెయ్యి పౌండ్లు తీర్చడానికి ముందుకొచ్చేది డొరొతియాయే. రచయిత్రి వీరిద్దరి కథలను మొదట వేర్వేరుగా మొదలుపెట్టి, తరువాత కలిపి, 1871-72లో ఎనిమిది భాగాలుగా వెలువరించారు. అతుకు మొదట్లో కనిపించినా, ఈ ఘట్టానికి వచ్చేసరికి పూర్తిగా మాసిపోయింది. డొరొతియా ప్రేమించే లాడిస్లా పాత్ర మాత్రం నాకు చివరివరకూ పలచగానే తోచింది.