‘సో బి ఇట్! సీ టు ఇట్!’ తెలుగులో ఎలా?

ప్రశ్న: ఆఫ్రోఫ్యూచరిజం (నల్లజాతి వాళ్ల చరిత్ర, సంస్కృతి కళ్లతో భవిష్యత్తును ఊహించే ధోరణి), నల్లజాతి రచయితల తరహా సైన్స్ ఫిక్షన్ రాయడం నేర్చుకునేవాళ్ల కోసం తెలుగులో చిన్న పాఠం తయారుచేస్తున్నాను. అమెరికా నల్లజాతి సైన్స్ ఫిక్షన్ రచయిత్రి ఆక్టేవియా బట్లర్ 1988లో నోటుబుక్‌లో తనకోసం రాసుకున్న ‘సో బి ఇట్! సీ టు ఇట్!’ (అలాగే జరగాలి! అది జరిగేలా చూడు!) దగ్గర ఆగిపోయాను. ‘తథాస్తు’ అంటే సరిపోతుందా?

జవాబు: మొదటి సగానికి అర్థం సరిపోతుందండీ. కానీ తథాస్తు అని ఎవరో పైనుంచి అనాలి. ‘అలా అనకురా, తథాస్తు దేవతలుంటారు’ అని ఇంట్లో పెద్దవాళ్లు కసురుతారే, అక్కడైనా ఆ మాట అనేది మనం కాదు. బట్లర్ పేజీలో దీవించేవాళ్లెవరూ లేరు. తల్లి ఇళ్లలో పనిచేసేది. బట్లర్ గిన్నెలు కడిగింది, ఫ్యాక్టరీలో ఆలూ చిప్స్ ఏరింది, తెల్లవారుజామున 2 గంటలకు లేచి రాసుకుంది. నల్లజాతి ఆడపిల్ల సైన్స్ ఫిక్షన్ రాస్తుందని ఎవరూ ఎదురుచూడని రోజులవి.

ఆ పేజీలో ఇంకా ఏముందో చూడండి. నా నవలలు బెస్ట్ సెల్లర్ జాబితాల్లోకి ఎక్కుతాయి, అమ్మకి మంచి వైద్యం చేయిస్తాను, పేద నల్లజాతి పిల్లల్ని క్లారియన్ లాంటి రచనా శిబిరాలకు పంపిస్తాను అని రాసుకుంది. 1970లో తను నేర్చుకున్నది ఆ క్లారియన్‌లోనే. అంటే ఇవి వట్టి కోరికలు కావు, తనకు తాను పురమాయించుకున్న పనులు. కాబట్టి బరువంతా రెండో సగం మీదే ఉంది. దాన్ని వదిలేసి తథాస్తుతో ఆపితే మిగిలేది దీవెన ఒక్కటే.

‘సంగతి చూసుకో’ వద్దు, బెదిరింపులా వినిపిస్తుంది. ‘అలాగే కానీ’ చెవికి బాగుంటుంది గానీ, అచ్చులో ఆ ‘కానీ’ని చదివేవాళ్లు ‘అయితే’ అనుకుంటారు. నా ఓటు: ‘అలాగే అవుగాక! దగ్గరుండి జరిపించుకో!’ పెళ్లయినా ఇంటి స్లాబయినా ఇంకొకరికి వదిలేయకుండా చేయించడానికి మనకున్న మాట ‘దగ్గరుండి’.

మరో జవాబు: ‘దగ్గరుండి’ ఆమెకు భలే నప్పింది. ఆమె నవల ‘కిండ్రెడ్’ (1979)లో 1976 నాటి నల్లజాతి స్త్రీ మేరీలాండ్‌లోని బానిసత్వపు రోజుల్లోకి వెళ్లిపడుతుంది. అది రాయడానికి బట్లర్ లాస్ ఏంజెలస్ నుంచి మేరీలాండ్ దాకా వెళ్లింది. జార్జ్ వాషింగ్టన్ ఉన్న ఎస్టేటు మౌంట్ వెర్నన్ చూడబోతే, అక్కడి గైడ్లు బానిసల్ని ‘పనివాళ్లు’ అని చెబుతున్నారట! రాయడం నేర్చుకునేవాళ్లకి పాఠంలో ఇది తప్పకుండా పెట్టండి. భవిష్యత్తు గురించి రాసే ముందు, గతాన్ని ఏ మాటలతో కప్పేశారో వెళ్లి చూడాలి. ప్రేరణ కోసం కూర్చోవద్దు, అలవాటునే నమ్ముకోండి అని కూడా ఆమె కొత్త రచయితలకు చెప్పింది.

ఇంకో మాట. 2006లో ఆమె పోయాక ఆమె పేరున స్కాలర్‌షిప్ పెట్టి క్లారియన్‌కి విద్యార్థుల్ని పంపుతున్నారు. 2020లో ఆమె నవల ‘పారబుల్ ఆఫ్ ద సోయర్’ న్యూయార్క్ టైమ్స్ బెస్ట్ సెల్లర్ జాబితాకెక్కింది.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ ధన్యవాదాలు. ‘దగ్గరుండి’ ఖాయం. చివర ‘జరిపించు’ చాలదా, ‘జరిపించుకో’ అనే అనాలా?

జవాబు: ‘జరిపించుకో’ అనే ఉంచండి. ‘జరిపించు’ అంటే ఎవరికో ఆర్డరు వేసినట్టుంటుంది. ఇక్కడ చెప్పేదీ ఆమే, చెయ్యాల్సిందీ ఆమే.