అప్‌డేట్: అమైలాయిడ్ బీటా గ్రాఫ్‌లో లాగ్ ఫేజ్ రాని సమస్య తీరింది

బెంగళూరులో ఆల్జీమర్స్ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. అమైలాయిడ్ బీటా 42 పెప్టైడ్‌తో (ఈ జబ్బులో మెదడులో గడ్డకట్టే చిన్న ప్రొటీన్ ముక్క) థయోఫ్లావిన్ టీ ప్రయోగం (గడ్డలకు అంటుకుని మెరిసే డైతో గడ్డకట్టడాన్ని కొలవడం) చేస్తే ప్రతిసారీ గ్రాఫ్ వేరుగా వస్తోందని, లాగ్ ఫేజ్ (గడ్డకట్టడం ఊపందుకునే ముందు గీత చదునుగా ఉండే దశ) అసలే కనిపించడం లేదని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

"పెప్టైడ్ పొడిలోనే ముందుగా గడ్డకట్టిన ముక్కలు ఉండొచ్చు" అన్నవారి మాటే నిజమైంది. పక్క ల్యాబ్‌లో ప్రొటీన్ల పని బాగా తెలిసిన అక్క మా శాంపిల్‌ను సైజ్ ఎక్స్‌క్లూజన్ కాలమ్‌లో (అణువులను సైజును బట్టి విడదీసే గొట్టం, పెద్దవి ముందు బయటికొస్తాయి) నడిపి చూపించింది. మోనోమర్ (గడ్డకట్టని విడి పెప్టైడ్) పీక్ కంటే ముందే ఇంకో పీక్! ఆ ముక్కలే విత్తనాల్లా పనిచేసి ఫైబ్రిల్స్‌ను (పోగుల్లాంటి గడ్డలను) వెంటనే మొదలుపెట్టిస్తున్నాయి.

ఇప్పుడు పొడిని 6 మోలార్ గ్వానిడిన్ హైడ్రోక్లోరైడ్‌లో (గడ్డలను విడగొట్టే రసాయనం) కరిగించి, కాలమ్‌లో వేసి, మోనోమర్ పీక్ మధ్యభాగం మాత్రమే ఐస్ మీద పట్టుకుని అప్పటికప్పుడు వాడుతున్నాను. ట్యూబులు "లో బైండింగ్" రకానివే (పెప్టైడ్ గోడలకు అంతగా అంటుకోనివి) వాడండి. 37 డిగ్రీల దగ్గర గీత మొదట అడుగున చదునుగా సాగి, తర్వాత జోరుగా లేచి, పైన నిలకడపడింది. రెప్లికేట్ల (ఒకేలా చేసిన పరీక్షల) గీతలన్నీ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ఆ టెన్షన్ అంతా అప్పుడు వదిలింది.

కొత్త డై, బఫర్ పీహెచ్, ప్లేట్ రీడర్ వీటికి ఈ సమస్యతో సంబంధం లేదు. హెచ్‌ఎఫ్‌ఐపీతో (గడ్డలను విడదీయడానికి వాడే ఇంకో ద్రావకం) కొంత మెరుగైంది గానీ నాకు సరిపోలేదు. మాస్ స్పెక్‌లో (అణువుల బరువు కొలిచే పరికరం) బరువు సరిగ్గానే వచ్చింది, కానీ గడ్డల సంగతి అందులో తెలియదు.

పాత శాంపిల్‌తో పనిచేయలేదని తేలిన ఇన్హిబిటర్లను (గడ్డకట్టడాన్ని ఆపే పదార్థాలను) మళ్లీ పరీక్షిస్తున్నాను. లాగ్ ఫేజ్ లేని గ్రాఫ్ చూసి మీరూ దేన్నీ కొట్టిపారేయకండి.